రెడ్ ఫిష్‌కు, టార్పన్‌కు కలిపి ఒకే రాడ్ కొనొచ్చా? ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్ సామాను ఎంపిక

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాను. కొలరాడోలో ట్రౌట్ కోసం కొన్న 9 అడుగుల 5 వెయిట్ ఫ్లై రాడ్ ఒకటి ఉంది. ఇప్పుడు గాల్వెస్టన్, రాక్‌పోర్ట్ వైపు రెడ్ ఫిష్ పట్టాలని ఉంది. వచ్చే మే నెలలో ఫ్లోరిడా కీస్‌లో టార్పన్‌కు వెళ్దామని ఫ్రెండ్స్ అంటున్నారు. రెండిటికీ పనికొచ్చేలా ఒక 10 వెయిట్ కొంటే సరిపోతుందా? అన్నీ కలిపి 700 డాలర్ల లోపు అయితే బాగుంటుంది. డబ్బు రాడ్ మీద ఎక్కువ పెట్టాలా, రీల్ మీదా? సెలవులకు వైజాగ్ వెళ్లినప్పుడు తీసుకెళ్లొచ్చా?

సమాధానం:

10 వెయిట్ వద్దండి. 9 అడుగుల 8 వెయిట్, నాలుగు ముక్కల రాడ్ తీసుకోండి. దానికి సీల్డ్ డ్రాగ్ (చేప లైన్ లాగుతుంటే లైన్ చుట్టిన స్పూల్‌ను నిదానంగా ఆపే, లోపలికి నీళ్లు వెళ్లని బ్రేకు) ఉన్న మధ్యరకం రీల్ చాలు. టార్పన్ కోసం ఇప్పుడు సొంతంగా ఏమీ కొనక్కర్లేదు. 10 వెయిట్‌తో రెండు పనులూ చేద్దామనుకుంటే రెండు చోట్లా ఇబ్బందే. రోజంతా రెడ్ ఫిష్ కోసం తిరిగేవాళ్ల భుజానికి అది ఎక్కువ, వంద పౌండ్ల టార్పన్‌ను పైకి లేపడానికి అది తక్కువ.

చాలామంది చేప సైజు చూసి రాడ్ కొంటారు. ఉప్పునీళ్లలో ముందు చూడాల్సినవి గాలి, ఫ్లై (ఈకలు, దారాలతో హుక్కుకు కట్టిన ఎర). టెక్సస్‌లో పట్టి ఇంటికి తెచ్చుకోదగ్గ రెడ్ ఫిష్ 20 నుంచి 28 అంగుళాలది. పెద్దదైనా ఎనిమిది, తొమ్మిది పౌండ్లుంటుంది. ఆ బరువును మీ 5 వెయిట్ కూడా ఎలాగోలా ఒడ్డుకు తెస్తుంది. అసలు చిక్కు చేప తగలకముందే ఉంది. టెక్సస్ తీరంలో మధ్యాహ్నమయ్యేసరికి గంటకు 15, 20 మైళ్ల గాలి మామూలే. రెడ్ ఫిష్‌కు వాడే క్లౌజర్ లాంటి ఫ్లైలకు సీసపు కళ్లుంటాయి. ఆ బరువున్న ఫ్లైని ఎదురుగాలిలో 5 వెయిట్ లైన్ మోయలేదు. ఫ్లై మధ్యలోనే కూలిపోతుంది, లేదా వెనక్కి వచ్చి మీ చెవికే తగులుతుంది. ఏ రాడ్‌తో వెళ్లినా టోపీ, కళ్లద్దాలు లేకుండా మాత్రం నీళ్లలోకి దిగకండి.

రాడ్ మీద ఉండే వెయిట్ నంబరు నిజానికి అది విసరగలిగే లైన్ బరువును చెబుతుంది. స్పిన్నింగ్‌లో, అంటే మామూలు గాలంలో, ఎర బరువే లైన్‌ను లాక్కెళ్తుంది. ఫ్లైలో లైన్ బరువే ఫ్లైని మోసుకెళ్తుంది. లైన్ ముందు భాగం 30 అడుగుల బరువును గ్రెయిన్లలో (చాలా చిన్న తూకం) కొలిచి ఈ నంబర్లు పెట్టారు. 5 వెయిట్‌కు 140 గ్రెయిన్లు, 8కి 210, 10కి 280, 12కి 380. అంటే 5 నుంచి 8కి మారితే లైన్ బరువు సగానికి సగం పెరుగుతుంది. గాలిని చీల్చడానికి కావాల్సింది అదే. 8 నుంచి 10కి వెళ్తే ఇంకో 70 గ్రెయిన్లు కలుస్తాయి. మోకాలి లోతు నీళ్లలో తోక బయటపెట్టి మేస్తున్న రెడ్ ఫిష్ ముందు అంత బరువైన లైన్ పడితే ఆ చప్పుడుకే అది పారిపోతుంది. గాలి లేని పొద్దున పూట కొందరు 7 వెయిట్ వాడేది అందుకే. అన్నిటికీ కలిపి ఒకటే ఉండాలంటే 8 సరైనది.

ఇక రాడ్. షాపులో మీ చేతికి ముందుగా ఇచ్చేది బాగా గట్టిగా ఉండే ఫాస్ట్ యాక్షన్ రాడ్. పార్కింగ్‌లో 80 అడుగులు విసిరి చూపిస్తారు. మీకు ఆ దూరంతో పని లేదు. టెక్సస్ ఫ్లాట్స్‌లో (తీరం వెంట లోతు తక్కువ నీళ్లలో) గాలి, నీళ్ల మీద మెరుపు, మసక నీళ్లు కలిసి చేపను మీకు 30, 40 అడుగుల దూరంలోనే చూపిస్తాయి. చూసిన క్షణం నుంచి ఫ్లై నీళ్ల మీద పడేదాకా రెండు మూడు సెకన్లే టైము. ఒక్క వెనక విసురు, ఒక్క ముందు విసురు, అంతే. బాగా గట్టి రాడ్ అంత కొద్ది లైన్‌కు వంగదు. వంగని రాడ్ లైన్‌ను తోయలేదు. అందుకని రాడ్ టెస్ట్ చేసేటప్పుడు సరిగ్గా 30 అడుగుల లైన్, 9 అడుగుల లీడర్ (లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం) బయటపెట్టి విసరండి. గాలికి ఎదురుగా ఒకసారి, గాలి మీ కుడి భుజం వైపు నుంచి వస్తుండగా ఒకసారి, వెనక్కి తిరిగి బ్యాక్‌హ్యాండ్‌లో ఒకసారి. ఈ మూడూ తేలిగ్గా వచ్చిన రాడ్ మీది. ధర ఆ తర్వాత చూడండి.

డల్లాస్ దగ్గరి టెంపుల్ ఫోర్క్ వాళ్లవి, ఎకో, రెడింగ్టన్, ఆర్విస్ క్లియర్‌వాటర్ లాంటివి 200 నుంచి 300 డాలర్ల మధ్యలో మంచి 8 వెయిట్‌లు. వాటికీ వెయ్యి డాలర్ల రాడ్‌కూ తేడా లేదనను, ఉంది. ఖరీదైన రాడ్‌లో చివరి భాగం తేలిక, విసురు ఆగిన వెంటనే కొస ఊగడం ఆగిపోతుంది, దాంతో లైన్ సూటిగా వెళ్తుంది. కానీ ఆ తేడాను మీ చేయి పసిగట్టేసరికి కనీసం ఒకటి రెండు సీజన్లు పడుతుంది. అప్పటిదాకా ఆ డబ్బు ఖర్చు పెట్టినా ఫలితం కనిపించదు. వారంటీ మాత్రం తప్పక చూడండి. రాడ్లు చేపల వల్ల విరిగేది తక్కువ, కారు తలుపుల్లో పడి, సీలింగ్ ఫ్యాన్లకు తగిలి విరిగేవే ఎక్కువ. విరిగిన ముక్కకు కొద్దిపాటి ఫీజుతో వేరేది పంపే కంపెనీ దగ్గర కొంటే తర్వాత బాధ ఉండదు.

ఉప్పునీటి రాడ్‌లో రీల్ బిగించే భాగం యానోడైజ్ చేసిన అల్యూమినియంది అయ్యుండాలి. ట్రౌట్ రాడ్‌లలో అందంగా కనిపించే చెక్క ముక్క ఇక్కడ ఉబ్బి పాడైపోతుంది. గైడ్లు (రాడ్ మీద లైన్ దూరే రింగులు) తుప్పు పట్టని రకం కావాలి, రాడ్ అడుగున పొట్టకు ఆనించుకునే చిన్న ఫైటింగ్ బట్ ఉండాలి. 8 వెయిట్‌గా అమ్మేవాటిలో ఇవి దాదాపు అన్నిటికీ ఉంటాయి, అయినా ఒకసారి చూసుకోండి.

లైన్ గురించి మీరు అడగలేదు, కానీ నా దృష్టిలో డబ్బు తగ్గించకూడని చోటు అదే. 40 డాలర్ల లైన్‌తో 900 డాలర్ల రాడ్ కంటే, 100 డాలర్ల లైన్‌తో 250 డాలర్ల రాడ్ బాగా విసురుతుంది. వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్ రకం, ముందు భాగంలో బరువు ఎక్కువ ఉండేలా రెడ్ ఫిష్ కోసమే చేసినవి తీసుకోండి. పెట్టె మీద గ్రెయిన్లు చదవండి. 8 వెయిట్‌కు ప్రమాణం ప్రకారం 202 నుంచి 218 దాకా ఉండొచ్చు. గట్టి రాడ్లను వంచడానికి ఇప్పుడు చాలా కంపెనీలు 8 అని రాసి సగం సైజు, ఒక్కోసారి పూర్తి సైజు బరువు పెంచి అమ్ముతున్నాయి. అది మోసమేమీ కాదు, దగ్గర విసుర్లకు సాయం చేస్తుంది. ఎంత బరువో తెలిసి కొనాలి, అంతే. ఇంకో విషయం వేడి. ట్రాపికల్ లైన్ లోపలి తీగ బిరుసుగా ఉంటుంది, జూలై ఎండలో కూడా మెత్తబడదు. అదే లైన్ జనవరిలో స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది. మీ 5 వెయిట్ మీదున్న చన్నీటి లైన్‌కు దీనికి తలకిందులుగా జరుగుతుంది, ఎండలో ఉడికిన నూడుల్స్‌లా మెత్తబడి గైడ్లకు అతుక్కుంటుంది. ఎండాకాలంలో మొదలుపెడతారు కాబట్టి ట్రాపికల్‌తో మొదలుపెట్టండి.

ఇప్పుడు రీల్. ట్రౌట్‌కు రీల్ అంటే లైన్ దాచుకునే డబ్బా అని మీరు వినే ఉంటారు. రెడ్ ఫిష్‌కు ఆ మాట కొంతవరకు నిజం. అది బలంగా లాగుతుంది కానీ చాలా దూరం పరిగెత్తదు, ఎక్కువసార్లు ఫ్లై లైన్ పూర్తిగా బయటికి పోకముందే ఆగుతుంది. రీల్ మీద 20 పౌండ్ల డేక్రాన్ బ్యాకింగ్ (ఫ్లై లైన్ కింద చుట్టే సన్నటి అదనపు దారం) 150 నుంచి 200 గజాలు పడితే చాలు. అదే రీల్‌తో రేపు బోన్ ఫిష్‌కు వెళ్లినా సరిపోతుంది. అది ఒక్క దూకుడులో వంద గజాలు లాగగల చేప.

టెక్సస్‌లో మీకు ముఖ్యమైనది సీల్డ్ డ్రాగ్. మీరు నడుము లోతు నీళ్లలో నడుస్తారు, మోకాళ్ల మీద కూర్చుని చేపను వదులుతారు, కయాక్‌లో వెళ్తే రీల్ నీళ్లలో తడుస్తూనే ఉంటుంది. లగూనా మాడ్రే నీళ్లు సముద్రం కంటే కూడా ఉప్పగా ఉంటాయి, కింద సన్నటి ఇసుక. డ్రాగ్ లోపలికి ఉప్పు, ఇసుక వెళ్లకుండా రబ్బరు సీల్ ఉంటే సగం సమస్య తీరుతుంది. కార్క్ డ్రాగ్ రీళ్లు, ఫ్లోరిడాలో తయారయ్యే టిబోర్ లాంటివి, గొప్ప రీళ్లు. టార్పన్ వేటకు బోటులో తీసుకెళ్లే గైడ్లు దశాబ్దాలుగా నమ్మి వాడుతున్నారు. కానీ అవి బోటు మీద పొడిగా నిలబడి వాడేవాళ్లకు, విప్పి శుభ్రం చేసి కార్క్‌కు గ్రీజు పట్టించే ఓపిక ఉన్నవాళ్లకు బాగుంటాయి. నడిచి పట్టేవాళ్లకు సీల్డే నయం. ల్యామ్సన్ చవక రకాల నుంచీ సీల్డ్ కోనికల్ డ్రాగ్ ఇస్తుంది, 200 డాలర్ల చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా కొన్ని దొరుకుతాయి.

పోత పోసిన రీల్, గట్టి అల్యూమినియం దిమ్మె నుంచి మెషీన్ మీద తొలిచి చేసిన రీల్ అని రెండు రకాలున్నాయి. పోత రీల్ కాంక్రీటు మీద పడితే అంచు వంగుతుంది లేదా పగులుతుంది, ఇక స్పూల్ తిరగదు. బడ్జెట్‌లో మెషీన్‌ది వస్తే అదే తీసుకోండి. రాకపోతే పోతదైనా పర్వాలేదు, జాగ్రత్తగా వాడుకోండి.

లార్జ్ ఆర్బర్ రీలే, అంటే స్పూల్ నడిమి భాగం లావుగా ఉండేదే, ఎందుకు కావాలో లెక్క చూడండి. ఫ్లై రీల్‌కు గేర్లు ఉండవు, ఒక తిప్పుకు స్పూల్ ఒక్కసారే తిరుగుతుంది. లైన్ చుట్టిన వ్యాసం 4 అంగుళాలుంటే తిప్పుకు సుమారు పన్నెండున్నర అంగుళాలు వస్తాయి. రెండున్నర అంగుళాలుంటే ఎనిమిదికి కాస్త తక్కువ. వంద గజాల లైన్‌ను వెనక్కి తేవడానికి మొదటిదానికి దాదాపు 290 తిప్పులు, రెండోదానికి దాదాపు 460. చేప మీ వైపే పరిగెత్తుకొస్తున్నప్పుడు లైన్ వదులైతే హుక్ జారిపోతుంది. ఆ తేడా చేపను ఉంచుతుంది లేదా పోగొడుతుంది.

దీనికంటే తక్కువమంది పట్టించుకునేది ఇంకొకటుంది. డ్రాగ్‌ను మీరు ఒక చోట పెట్టి వదిలేస్తే, అది స్పూల్‌ను తిప్పడానికి కావాల్సిన బలాన్ని స్థిరంగా ఉంచుతుంది. చేప పరిగెత్తుతున్న కొద్దీ స్పూల్ మీద చుట్ట సన్నబడుతుంది. చుట్ట సన్నబడితే అదే స్పూల్‌ను తిప్పడానికి లైన్ మీద ఎక్కువ లాగుడు పడాలి. 4 అంగుళాల చుట్ట 3 అంగుళాలకు వస్తే లైన్ మీద టెన్షన్ మూడో వంతు పెరుగుతుంది, 2 అంగుళాలకు వస్తే రెట్టింపు అవుతుంది. నీళ్లలో ఈడ్చుకుపోతున్న లావు ఫ్లై లైన్ బరువు దానికి అదనం. చేప దూరం వెళ్లింది కదా అని కంగారుపడి డ్రాగ్ బిగిస్తారు. టిప్పెట్ (లీడర్ చివరి సన్నటి భాగం) తెగేది అక్కడే. దూరం వెళ్తున్న చేపకు డ్రాగ్ కొంచెం వదులు చేయాలి, దగ్గరికి వచ్చాక బిగించాలి. లార్జ్ ఆర్బర్‌లో చుట్ట అంతగా సన్నబడదు కాబట్టి ఈ ప్రమాదం తక్కువ.

డ్రాగ్ బలం గురించి ప్రకటనల్లో 20 పౌండ్లు, 25 పౌండ్లు అని చదివి మోజు పడకండి. మీ టిప్పెట్ 16 పౌండ్లది అనుకుందాం. రీల్ దగ్గర దాని నాలుగో వంతు, అంటే 4 పౌండ్ల లాగుడు పెడతాం, మిగతాది అవసరమైనప్పుడు అరచేత్తో, వేళ్లతో స్పూల్ అంచును ఒత్తి ఇస్తాం. అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం రూల్స్ ప్రకారం ఫ్లై రికార్డుకు అనుమతించే అతి బలమైన టిప్పెట్ 20 పౌండ్లు. 2001లో ఫ్లోరిడాలోని హొమొసాసా ప్రాంతంలో 202 పౌండ్ల 8 ఔన్సుల టార్పన్‌ను ఆ టిప్పెట్ మీదే పట్టారు. 25 పౌండ్ల డ్రాగ్‌ను పూర్తిగా బిగించి వాడే సందర్భం మీకు రాదు.

చూడాల్సింది డ్రాగ్ నునుపు. షాపులో రీల్‌ను రాడ్‌కు బిగించి, లైన్‌ను గైడ్లలోంచి తీసి, కొస ఇంకొకరికి ఇచ్చి నడవమనండి. డ్రాగ్ కొద్దిగా బిగించి రాడ్ కొస చూడండి. నడక మొదలైన క్షణంలో కొస ఒక్కసారి కిందికి గుంజుకుని తర్వాత తేలితే, లేదా నడుస్తున్నంతసేపూ వణుకుతుంటే ఆ రీల్ వద్దు. చేప మొదటి కుదుపులో టిప్పెట్‌ను తెంపేది అలాంటి రీలే. కొస ఒకేలా వంగి నిలబడితే ఆ రీల్ ధర ఎంతైనా మంచి రీల్.

కుడి చేత్తో తిప్పాలా, ఎడమ చేత్తోనా అనే వాదన పెద్దదే. ట్రౌట్ రీల్‌ను ఎడమ చేత్తో తిప్పడం అలవాటైతే అదే ఉంచుకోండి. వేగంగా ఎక్కువసేపు తిప్పగల చేయి ఏదో అదే సరైన చేయి. చాలా రీళ్లను ఎటైనా మార్చుకోవచ్చు, కానీ బ్యాకింగ్ చుట్టించే ముందే షాపు వాళ్లకు చెప్పండి.

కాబట్టి మీ 700 డాలర్లలో రాడ్‌కు 250, రీల్‌కు 220, లైన్‌కు 100 పెట్టండి. బ్యాకింగ్, లీడర్లు, నాలుగైదు రకాల ఫ్లైలు, టెక్సస్ లైసెన్స్, దానికి ఉప్పునీటి ఎండార్స్‌మెంట్ కొన్నా ఇంకా కొంచెం మిగలాలి. మిగిలింది ఒక క్యాస్టింగ్ పాఠానికి ఖర్చు పెట్టండి. డబ్బు రాడ్ మీదా రీల్ మీదా అన్నారు కదా, రెడ్ ఫిష్‌కైతే రాడ్, లైన్ వైపే మొగ్గు. టార్పన్‌కైతే రీల్ వైపు.

టార్పన్ సంగతి. ఫ్లోరిడా కీస్‌లో మే, జూన్ నెలల్లో వలస వచ్చే పెద్ద టార్పన్లకు 11 లేదా 12 వెయిట్, 30 పౌండ్ల బ్యాకింగ్ కనీసం 250 గజాలు పట్టే రీల్ కావాలి. అంత భారీ రాడ్ ఎందుకో చాలామందికి తెలియదు. విసరడానికి దానితో కష్టమే. కానీ దాని అడుగు భాగంలోని బలం లోతుకు దిగిన చేపను పైకి లేపుతుంది. 10 వెయిట్‌తో అదే చేపతో గంటన్నర పెనుగులాడాల్సి రావచ్చు. వంతెనల దగ్గర హ్యామర్‌హెడ్, బుల్ షార్క్‌లు తిరుగుతుంటాయి. అలసిపోయిన టార్పన్ వాటి నుంచి తప్పించుకోలేదు. ఫ్లోరిడాలో టార్పన్‌ను పట్టి వదిలేయాలి, 40 అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి పైకి తీయడానికి కూడా వీల్లేదు. దశాబ్దాల పాటు బతకగల చేపను త్వరగా పట్టి త్వరగా వదలగలిగే సామాను వాడటం మన బాధ్యత. ఈ విషయంలో నేను రాజీ పడను.

గైడ్ బోటులో మంచి 11, 12 వెయిట్‌లు ఉంటాయి, ఫీజులో భాగంగానే ఇస్తారు. ఫ్లోరిడాలో గైడ్ చార్టర్ లైసెన్సే మీకూ వర్తిస్తుంది. అక్కడికి వెళ్లేలోపు ఎవరిదైనా 11 వెయిట్ అరువు తెచ్చుకుని పార్కులో వారానికి రెండు రోజులు, గాలి ఉన్నప్పుడే, 50 అడుగులు విసరడం ప్రాక్టీస్ చేయండి. మీ 8 వెయిట్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. పెద్దవి కనిపించని రోజు మడ చెట్ల మధ్య పది, పదిహేను పౌండ్ల పిల్ల టార్పన్లకు అదే సరైనది. ఇంకొక్క మాట, ట్రౌట్‌కు చేసినట్టు రాడ్ పైకి లేపి హుక్ చేస్తే ఈ చేపలేవీ తగలవు. రాడ్ నీళ్ల వైపే ఉంచి ఎడమ చేత్తో లైన్‌ను గట్టిగా గుంజాలి.

ఇంటికొచ్చాక రీల్ డ్రాగ్‌ను కొంచెం బిగించి, కుళాయి నీళ్లు సన్నగా వదిలి కడగండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే వెళ్తుంది. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి నెలల తరబడి ఉంచితే డిస్కులు అతుక్కుంటాయి. రాడ్ జాయింట్లు విప్పి తుడవండి, రీల్ సీటు దగ్గర వేలితో రుద్దండి, ఉప్పు దాక్కునే చోటు అదే.

వైజాగ్‌కు నిరభ్యంతరంగా తీసుకెళ్లొచ్చు. నాలుగు ముక్కల 9 అడుగుల రాడ్‌లో ఒక్కో ముక్క 27 అంగుళాలకు కాస్త పైన ఉంటుంది, పెద్ద సూట్‌కేసులో మూల నుంచి మూలకు పడుతుంది. ఫ్లైలు, హుక్కులు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. ఆర్కే బీచ్ అలల్లో దిగి ఫ్లై విసరాలని చూడకండి, అక్కడి లోపలి లాగుడు ప్రాణాలు తీస్తుంది. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోటు లాంటి నదీముఖాలు ఫ్లైకి అనువైనవి, స్థానిక జాలర్లను అడిగి, వాళ్ల వలలకు దూరంగా నిలబడండి. అక్కడ పండుగప్ప కోసం వేస్తే, దాని మొప్పల అంచులు కత్తిలా ఉంటాయి, కాబట్టి టిప్పెట్ చివర 30, 40 పౌండ్ల మందపాటి నైలాన్ ఒక అడుగు కట్టుకోవాలి. దానికి మీ 8 వెయిట్ చాలు. కోరింగ వైపు వెళ్దామనుకుంటే అది అభయారణ్యం, అటవీ శాఖను అడగకుండా గాలం వేయొద్దు. ఒక స్పేర్ లైన్ కూడా సూట్‌కేసులో పెట్టుకోండి. స్పిన్నింగ్ సామాను అక్కడ దొరుకుతుంది గానీ, ఫ్లై లైన్ తెగితే కొనుక్కోవడం కష్టం.